విప్పరాదు

జూన్ 3

తమ్ముడికి,

నీ యంత్రం అందింది. రెండో రోజే పోయింది. కుశలప్రశ్నలు తర్వాత.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని అడగకు. మాది రెండు గదుల ఇల్లు. నేను ఫోన్ తీస్తే మీ బావ వచ్చి పక్కన కూర్చుంటారు. ఆయన గురించి ఆయన ముందే ఎలా మాట్లాడను? అందుకే ప్రెస్సులో టీ వేళ, కటింగ్ మిషన్ కింద రాలిన కాగితం ముక్కల మీద రాస్తున్నాను. సైజు వంకరగా ఉంటే సర్దుకో.

శనివారం సాయంత్రం నువ్వు చెప్పినట్టే గోడకి, నేలకి జానెడు ఎత్తులో బిగించాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. ముక్కు గ్యాస్ వాసన, స్టవ్ వేడి పసిగడుతుందనీ, కన్ను మనిషి అలికిడి చూస్తుందనీ, స్టవ్ వెలుగుతూ పది నిమిషాలు వంటింట్లో ఎవరూ లేకపోతే పైపుకి తగిలించిన మోటారు గ్యాస్ ఆపేస్తుందనీ రాశావు. చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. సోమవారం పన్నెండుకి ఇంటికి వచ్చేసరికి ఆ యంత్రం వంటింటి బల్ల మీద పేగులు బయటపెట్టుకుని పడుంది. నాలుగు స్క్రూలూ సాసరులో, ఏ మూలది ఆ మూల వరసగా పేర్చి ఉన్నాయి. మీ బావ కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తి దాన్ని చూస్తున్నారు.

ఏం చేస్తున్నారని అడిగాను. "సెట్టు ఆగిపోయింది, చూస్తున్నాను" అన్నారు.

ఏ సెట్టు? కొట్టు మూసేసి నాలుగేళ్ళయింది. ముప్ఫై అయిదేళ్ళు రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసిన మనిషి. టిఫిన్ తిన్నారో లేదో గుర్తుండదు, స్టవ్ వెలిగించి మర్చిపోతారు, స్క్రూ కనబడితే మాత్రం చెయ్యి ఆగదు. చింత చచ్చినా పులుపు చావలేదు. నేను అరిచాక మెల్లగా మూత పెట్టి బిగించేశారు. మూత ఊడిన డబ్బా ఇక వాడొద్దని నీ కాగితంలో ఉంది కాబట్టి స్విచ్ ఆపి బీరువా మీద పెట్టాను.

నా పరిస్థితి నీకు తెలుసు. రెండుసార్లు గ్యాస్ వదిలేశారని మూణ్ణెల్లుగా ఒంటిపూటే పనికి వస్తున్నాను. ఆగస్టు ఒకటి నుంచి రెండుపూటలా రావాలి, లేదంటే ఇంకొకరిని చూసుకుంటామని మేనేజర్ చెప్పేశాడు. ఇరవై రెండేళ్ళ పని ఇది. ఈయన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా వదలాలంటే నీ యంత్రం పనిచేయాలి. విప్పడానికి వీల్లేని డబ్బాలో పెట్టి పంపు. అంతే నేను అడిగేది.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క

*

జూన్ 9

అక్కా,

పేగులు బయటపడ్డాయని చదివి నాకు ముద్ద దిగలేదు. ఆ డబ్బా ఎలాంటిదో నువ్వు సరిగా చూశావా? మూత అంచున రబ్బరు పట్టీ, నాలుగు మూలలా ఇత్తడి గింజలు, వైరు దూరే చోట నీటిబొట్టు కూడా వెళ్ళకుండా బిగుసుకునే నల్ల గొట్టం. మూత గాజులా తేటగా ఉంటుంది. మామూలు డబ్బా మూస్తే టప్ మంటుంది, ఇది మూస్తే ఊపిరి వదిలినట్టు ఉష్ మంటుంది. ఆ చప్పుడు కోసమే మూడు దుకాణాలు తిరిగాను. అలాంటిదాన్ని సాసరు పక్కన పడేశారంటే నాకెలా ఉంటుంది చెప్పు.

తప్పు నాదే. తేట మూత పెట్టడం బుద్ధితక్కువ. లోపల ఏముందో కనబడితే బావగారిలాంటి మనిషికి చెయ్యి దురద పుడుతుంది. ఈసారి బూడిదరంగు డబ్బా. స్క్రూలు నక్షత్రం ఆకారంలో, మధ్యలో చిన్న ముల్లుతో ఉంటాయి. దానికి తగ్గ స్క్రూడ్రైవరు మామూలు దుకాణాల్లో దొరకదు. మూత మీద ఎర్ర అక్షరాలతో "విప్పరాదు" అని అంటించాను. ఇంకో ఏర్పాటు కూడా చేశాను, మూత కింద చిన్న మీట ఉంది. మూత తెరిస్తే మీ ఇంటి వైఫై మీదుగా నా ఫోన్లో పడుతుంది. ముక్కు పనిచేస్తోందో లేదో కూడా నిమిషానికోసారి నాకు కబురొస్తుంది. నీటి సరఫరా ఆఫీసులో నేను చేసేది అదే కదా, ఊరందరి మీటర్ల రీడింగులు సరిచూడటం. నీ ఒక్క ఇంటి రీడింగు చూడలేనా?

మీ మరదలు బాగానే ఉంది. ఇంట్లో ఖాళీ డబ్బాలు ఇరవై ఆరు అయ్యాయనీ, ఉప్పు పోసుకోవడానికి ఒక్కటీ పనికిరాదనీ అంటోంది. రబ్బరు పట్టీ ఉన్న డబ్బాలో ఎవరైనా ఉప్పు పోస్తారా? కొన్ని విషయాలు కొందరికి అర్థం కావు.

ధైర్యంగా ఉండు. ఈ డబ్బా విప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

తమ్ముడు

*

జూన్ 17

ఒరే,

పుట్టాడు. నాతోనే కాపురం చేస్తున్నాడు.

నీ నక్షత్రపు స్క్రూలు నాలుగు రోజులు నిలిచాయి. అయిదో రోజు మీ బావ పాత సైకిలు చక్రంలోంచి ఒక పుల్ల తీసి, దాని మొన ఆకురాయితో అరగదీసి, మధ్యలో ఎలా తొలిచారో ఆ దేవుడికే తెలియాలి, ముల్లు దూరేలా బొక్క చేశారు. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడంటే ఇదే. పుల్లకి గుడ్డ చుట్టి పిడి కూడా చేసుకున్నారు. ఇప్పుడది ఆయన జేబులోనే ఉంటోంది.

ఇక నీ "విప్పరాదు". అది చూసి నవ్వారు. "విప్పొద్దని రాశాడంటే లోపల వాడు చేసిన పని వాడికే నచ్చలేదన్నమాట" అన్నారు. కొట్లో ఉన్న రోజుల్లో అలాంటి అంటింపు ఉన్న సెట్టునే ముందు విప్పేవారట. నువ్వు బొట్టు పెట్టి పిలిచినట్టయింది.

దీన్ని కూడా ఆపేసి బీరువా ఎక్కించాను.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏ మూత తీశారో నువ్వక్కడ కూర్చుని చూస్తావా? నన్ను అడిగావా ముందు? మంగళవారం పదకొండున్నరకి నువ్వు ప్రెస్సుకి ఫోన్ చేసి "మూత తీశారు, మూత తీశారు" అని అరిస్తే మేనేజరు ఇంట్లో దొంగలు పడ్డారనుకున్నాడు. చేతిలో జిగురుతో, కుట్టు సగంలో వదిలేసి పరిగెత్తాను. అందరూ ఏమైందని అడిగితే మా ఆయన స్క్రూ విప్పారని చెప్పనా?

ఆయన చంటిపిల్లాడు కాదు, ఆయన మీద మీటరు పెట్టడానికి. నాకు గ్యాస్ ఆపే యంత్రం కావాలి, కాపలా కాసే తమ్ముడు కాదు.

అక్క

*

జూన్ 24

అక్కా,

కోపం తగ్గాక ఈ ఉత్తరం చదువు. తగ్గకపోతే తగ్గేదాకా పక్కన పెట్టు.

మంగళవారం జరిగింది నా ఫోన్లో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పది ఇరవైకి ముక్కు కబురు ఆగిపోయింది. పదకొండూ అయిదుకి మూత తెరుచుకుంది. అంటే ముందు ఏదో లాగి పాడుచేశారు, తర్వాత తీరిగ్గా మూత తీశారు. రీడింగు అబద్ధం చెప్పదు. పదిహేడేళ్ళుగా రీడింగులు చూస్తున్నాను.

అందుకే ఈసారి స్క్రూలే లేవు. మూతని రెండు గొట్టాల జిగురు కలిపి అతికించేశాను. ఎండితే రాయే. పగలగొడితే తప్ప తెరుచుకోదు. డబ్బా అందం పోయిందని నాకు ఏడుపొచ్చింది, అయినా నీకోసం చేశాను.

ఒక మాట చెప్తాను, తిట్టకు. నువ్వు పనికి వెళ్ళేటప్పుడు వంటింటికి తాళం వేస్తే సగం బాధ తీరుతుంది కదా? కూజాలో నీళ్ళు, ప్లేటులో తినడానికి ఏదైనా ముందు గదిలో పెట్టి వెళ్ళొచ్చు. లేదా పగటిపూట పెద్దవాళ్ళని చూసుకునే చోట్లు ఉన్నాయట. మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ మావయ్యని దింపి వస్తుంటాడు. ఆలోచించు. ఆగస్టు ఎంతో దూరం లేదు.

తమ్ముడు

*

జూన్ 30

తమ్ముడూ,

కోపం తగ్గాక చదవమన్నావు. తగ్గేదాకా ఆగితే ఈ జన్మకి చదవనని వెంటనే చదివాను.

ఆయన ఇంట్లో ఆయనకే తాళమా? ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. నీకది సగం బాధ తీరే ఉపాయం. ఆయనకి పొద్దున పది గంటలకి ఒక గ్లాసు టీ తన చేత్తో పెట్టుకోవడం ఒక్కటే మిగిలింది. గ్లాసు ఎక్కడుందో, చెంచా ఎక్కడుందో చూడకుండా తీస్తారు. ఆ ఒక్కటీ లాగేసి కూజా పెట్టి వెళ్ళనా? తాళం సంగతి ఇంకోసారి రాశావంటే నీ ఉత్తరం కటింగ్ మిషన్లో వేస్తాను.

జిగురు డబ్బా సంగతి విను. మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు దీపం ఆరింది. తడితే వెచ్చగా ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. విప్పుదామంటే నా వల్ల కూడా కాదు. మీ బావ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో తట్టి విన్నారు. "లోపల ఏదో పట్టు లేకుండా ఉంది" అన్నారు. తర్వాత చిన్న రంపం వెతకడం మొదలుపెట్టారు. రంపం తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చొచ్చాను. ఇప్పుడు రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రంపం ఎక్కడ అని అడుగుతున్నారు. ప్రతిసారీ కొత్తగా అడుగుతారు, ప్రతిసారీ నేను కొత్తగా అబద్ధం చెప్పాలి.

నాకొక ఉపాయం తోచింది. నీ డబ్బాలన్నీ డబ్బాల్లాగే ఉన్నాయి, అందుకే విప్పుతున్నారు. డబ్బాలా కనబడకపోతే? నేను చేసేది బైండింగు. లోపల సామాను ఒక పల్చటి డబ్బాలో పెట్టి పంపు, పైన పుస్తకంలా నేను కడతాను. మీ బావ జన్మలో పుస్తకం తెరిచి ఎరగరు. నేను కుట్టినవి కూడా.

అక్క

*

జూలై 5

అక్కా,

అట్ట.

ఇరవై ఆరు డబ్బాలు. ఇత్తడి గింజలు. రబ్బరు పట్టీలు. చివరికి అట్ట. సరే. నేను కాదన్నానా?

తాళం మాట వెనక్కి తీసుకుంటున్నాను. టీ సంగతి నాకు తెలీదు.

సామాను పల్చటి డబ్బాలో పెట్టి పంపుతున్నాను. దీనికి మామూలు స్క్రూలు రెండే, మీట లేదు, నువ్వు అరుస్తావని తీసేశాను. కానీ ఈ నాలుగు మాటలు బుర్రలో పెట్టుకో. ముక్కుకి గాలి తగలాలి, గుడ్డ కప్పితే పడిశం పట్టినట్టు దానికేమీ తెలియదు. కన్ను ఎదురుగా ఏదీ అడ్డం ఉండకూడదు. పుస్తకమని పై అరలో పెట్టకు, ఆ గ్యాస్ బరువైంది, నేల పట్టుకుని పాకుతుంది, కాబట్టి కింది అరలోనే ఉండాలి. స్టవ్‌కి దూరంగా ఉంచు. మోటారుకి మాత్రం పుస్తకం తొడగకు, అది పైపు దగ్గర అలాగే ఉండాలి.

మీ మరదలికి నీ ఉపాయం చెప్తే గంటసేపు నవ్వింది. ఇరవై ఆరింట్లో ఒకదాంట్లో ఉప్పు పోసింది కూడా. నేను చూడనట్టు ఊరుకున్నాను.

తమ్ముడు

*

జూలై 15

తమ్ముడూ,

ముందు మంచి మాట. పుస్తకం బ్రహ్మాండంగా వచ్చింది. ముదురు ఆకుపచ్చ కాలికో గుడ్డ, గుండ్రటి వెన్ను, పై అట్టకి కింద మూడు వరసల సన్నటి రంధ్రాలు నీ ముక్కు కోసం, ఒక గుండ్రటి రంధ్రం నీ కంటి కోసం. వెన్ను మీద చిన్న చిల్లులోంచి దీపం కనబడుతుంది. పేరు కూడా అచ్చు వేయించాను: "అద్దె ఇళ్ళ చట్టం, సవరణలు, మూడో సంపుటం". ప్రెస్సులో అందరూ పట్టుకు చూశారు. ఒక్కరూ తెరవలేదు.

తొమ్మిదో తేదీన వంటింటి కింది అరలో, పిండి డబ్బా పక్కన పెట్టాను. ఇవాళ్టికి ఆరు రోజులు. మీ బావ దాని వంక చూశారు గానీ ముట్టుకోలేదు.

ఇక చెడ్డ మాట. నిన్న పరీక్ష చేశాను. స్టవ్ మీద నీళ్ళు పెట్టి ఇద్దరం ముందు గదిలో కూర్చున్నాం. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. మోటారు కదల్లేదు. వెళ్ళి చూస్తే దీపం ఆరిపోయి ఉంది. గిన్నె అడుగంటింది. నీ యంత్రానికి ముక్కు చచ్చిపోతే, వాసనే లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటుందా? అదేం తెలివిరా? నేనే ఇంట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది.

ఆగస్టు ఒకటికి ఇంక పదిహేడు రోజులే. ప్రెస్సులో నా కుర్చీ చూసుకోవడానికి నిన్న ఒకామె వచ్చి వెళ్ళింది. బైండింగు బాగానే వచ్చట.

అక్క

*

జూలై 19

అక్కా,

బాధతో రాస్తున్నాను, తప్పుగా అనుకోకు.

పదమూడో తేదీ పొద్దున పదిన్నరకి ముక్కు కబురు ఆగింది. ఎవరూ ముట్టుకోకుండా ఎందుకు ఆగుతుంది? ప్రతి వైరూ నా చేత్తో సోల్డరింగ్ చేశాను, ప్రతి అతుకూ భూతద్దంతో చూశాను. నాలుగు యంత్రాలు పంపితే నాలుగూ మీ ఇంట్లోనే చచ్చాయి. మా ఇంట్లో అలాంటిదే గేటు దీపానికి ఉంది, నెల నుంచి నడుస్తోంది. మా ఇంట్లో బావగారు లేరు, అదొక్కటే తేడా.

నువ్వు ఆయన్ని వెనకేసుకొస్తున్నావు. ముట్టుకోలేదని రాస్తావు, నువ్వు పనికి వెళ్ళాక ఏం చేస్తారో నీకెలా తెలుసు? మీట ఉంచి ఉంటే తెలిసేది. అది తీయించింది నువ్వే. ఇలా అయితే నేను ఎన్ని డబ్బాలు కట్టినా లాభం లేదు. ముందు నువ్వు ఒప్పుకోవాలి, ఆయన చేతులు ఇక మునుపటి చేతులు కావు.

తమ్ముడు

*

జూలై 24

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నీకు జవాబు రాయకూడదనుకున్నాను. నాలుగు రోజులు రాయలేదు కూడా. కానీ ఆ మాటలు బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. మునుపటి చేతులు కావు, మునుపటి చేతులు కావు అని కుట్టు కుట్టుకీ వినబడింది.

మంగళవారం పన్నెండుకి ఇల్లు చేరాను. నా పుస్తకం బల్ల మీద, అట్ట తెరిచి, లోపలి డబ్బా మూత తీసి ఉంది. సోల్డరింగ్ ఐరన్ వేడిగా సాసరు మీద ఆనించి ఉంది. మీ బావ స్క్రూలు వరసగా పెట్టుకున్నారు.

నేనింక ఆగలేదు. నీ మీది కోపమూ, ఆ కొత్తామె మీది కోపమూ, మూణ్ణెల్ల కోపమూ అన్నీ కలిపి ఆయన మీద పోశాను. "మీ చేతులు కాస్త కుదురుగా ఉంటే నా పని నిలబడేది" అన్నాను.

ఆయన మూత పెట్టి స్క్రూలు బిగించారు, అట్ట మూసి చీరతో తుడిచినంత మెత్తగా చేత్తో తుడిచారు. అప్పుడు చెప్పారు. "పుస్తకానికి దీపం ఎందుకు పెట్టారో నాకు తెలీదు. వారం నుంచి ఆరిపోయే ఉంది. విప్పితే నువ్వు కోప్పడతావని చూశాను, నువ్వే చూస్తావని చూశాను. ఎవరూ చూడలేదు." నేను ఇంకా గొణుగుతూనే ఉన్నాను, వెలుగుతున్నన్ని రోజులు ఎందుకు ఊరుకున్నారని అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "నడుస్తున్న సెట్టుని ఏ మెకానిక్కయినా విప్పుతాడా?" అన్నారు.

పుస్తకం వెన్ను మీద దీపం వెలుగుతోంది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. కొట్లో ఏ సెట్టు బాగుచేసినా మూత లోపల ఒక చీటీ అంటించేవారు, ఇంకో మెకానిక్కు విప్పితే తెలియాలని. స్క్రూలు నేనే విప్పాను. చీటీ ఉంది. ఆయన రాత ఇప్పుడు కొంచెం వంకరపోయింది గానీ చదవొచ్చు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఫిర్యాదు: దీపం ఆరింది. లోపం: ముక్కు మూడో కాలు డ్రై సోల్డరు. తీగ అంటుకున్నట్టు కనబడుతుంది, అంటుకోదు. వేడెక్కితే వదులుతుంది. చేసిన పని: పాత సోల్డరు తీసి మళ్ళీ అతికాను. కట్టినవాడికి చెయ్యి తొందర."

కుర్చీ వేసుకుని బీరువా మీదవి దించాను. మొదటి డబ్బాలో చీటీ ఉంది. మూడో కాలు. నక్షత్రాల డబ్బాలో చీటీ ఉంది. మూడో కాలు. జిగురు డబ్బాకి చీటీ అడుగున బయట అంటించారు: "తెరవలేకపోయాను. కట్టినవాడు తప్పు చేసి అతికించి దాచాడు."

మొదటి రోజే చెప్పారు, సెట్టు ఆగిపోయింది, చూస్తున్నానని. నేను విన్నానా? కొట్లో ఉన్నాననుకుంటున్నారని అనుకున్నాను. బాగుచేసి ఇచ్చినవాటిని నేనే స్విచ్ ఆపి బీరువా ఎక్కించాను. నువ్వు రాసిన కాగితం చూసి.

పైన పటారం, లోన లొటారం. ఈ మాట నీ డబ్బాలన్నిటి మీదా ఎర్ర అక్షరాలతో అంటించుకో. ఆడలేక మద్దెల ఓడు అని మనిషి మీదికి నెట్టావు, నేను నీ మాట పట్టుకుని ఆ మనిషిని అన్నాను. నిన్ను క్షమిస్తాను గానీ నన్ను నేను ఎలా క్షమించుకోను? ఆయన మర్చిపోయారు ఆ మాట. సాయంత్రానికే మర్చిపోయారు. నాకే గుర్తుంది.

ఆ సాయంత్రం మళ్ళీ పరీక్ష పెట్టాం. ఆయన చేతిగడియారం పట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా పది నిమిషాలకి వంటింట్లో మోటారు టక్కుమని తిరిగింది. ఈ సెట్టు ఎవరిదని అడిగారు. మా తమ్ముడిదని చెప్పాను.

"బాగైందని కబురు చెయ్యి, వచ్చి తీసుకెళ్తాడు" అన్నారు.

అక్క

*

జూలై 28

అక్కా,

మూడు రోజులుగా ఫోన్లో ఆ పాత రీడింగులే చూస్తున్నాను. ముక్కు ఆగింది పది ఇరవైకి. మూత తెరుచుకుంది పదకొండూ అయిదుకి. పదకొండూ నలభైకి ముక్కు మళ్ళీ పలికింది. పన్నెండు దాటాక నువ్వు ఆపేశావు. పదకొండూ నలభై వరస నేను అప్పుడు కూడా చూశాను, కాసేపు కొట్టుకుని ఆగిందనుకున్నాను. మొదటి రెండు అంకెలు నాకు కావలసినట్టు ఉన్నాయి, మూడోది చదవలేదు. రీడింగు అబద్ధం చెప్పదని గొప్పగా రాశాను కదా, చదివేవాడు చెప్తాడు.

గేటు దీపం డబ్బా కూడా విప్పాను. మూడో కాలు. అది వేడెక్కే చోట లేదు కాబట్టి ఇంకా ఊడలేదు, అంతే.

ఆయన ముప్ఫై అయిదేళ్ళు ఈ పని చేశారని నాకు తెలుసు. వీడియోలు చూసి నేర్చుకున్నాను గానీ ఒక్కసారి కూడా బావగారిని అడగలేదు. చేతులు మునుపటివి కావని ఆయన గురించి రాశాను. సిగ్గుగా ఉంది అక్కా. ఈ మాట ఎదురుగా చెప్పలేను, అందుకే ఉత్తరంలో చెప్తున్నాను.

కొత్త డబ్బా పంపుతున్నాను. ఇందులో ముక్కు మూగబోతే మోటారు ముందు గ్యాస్ ఆపేసి తర్వాత మాట్లాడుతుంది. అది నువ్వు అన్నదే, తెలివితక్కువగా కట్టాను. అతుకులన్నీ మళ్ళీ పెట్టాను, ఒక్కొక్కదానికీ ఊపిరి బిగబట్టి నెమ్మదిగా. స్క్రూలు నాలుగు, మామూలువే. చేతులు దూరేంత జాగా ఉన్న డబ్బా చూశాను, మూస్తే చప్పుడు ఎలా ఉందో చూడలేదు. మీట పెట్టలేదు. కావాలంటే నువ్వు అడుగు, అప్పుడు పెడతాను. మూత మీద ఒక అంటింపు ఉంది, దాన్ని బావగారికి చూపించు. లోపల ఖాళీ చీటీల కట్ట కూడా పెట్టాను.

నీ పుస్తకం మాత్రం నాకు తిప్పి పంపు. ఇక్కడ షెల్ఫులో పెట్టుకుంటాను.

తమ్ముడు

*

ఆగస్టు 26

తమ్ముడూ,

దాదాపు నాలుగు వారాలుగా రెండుపూటలా పనికి వస్తున్నాను. కొత్తామెని ప్యాకింగులో వేసుకున్నారు. బైండింగు నిజంగానే బాగా వచ్చు ఆమెకి, ఒప్పుకోక తప్పదు.

నీ అంటింపు చదివాక మీ బావ దాన్ని రెండుసార్లు వేలితో తడిమారు. "రోజూ పదకొండుకి విప్పి పరీక్షించవలెను. సొంతదారు: బావమరిది." నడిచే సెట్టుని ఎందుకు విప్పడమని మొదట గొణిగారు. సొంతదారు కోరాడు కదా అన్నాను. సొంతదారు కోరితే చేయాలి అన్నారు. అప్పటినుంచి టీ పదికి, పరీక్ష పదకొండుకి. మీట పెట్టు, నేనే అడుగుతున్నాను. పదకొండుకి మూత తెరుచుకుందని నీ ఫోన్లో పడితే నాకు ప్రెస్సుకి ఒక ముక్క కబురు పెట్టు. ఆయన లేచి తిరుగుతున్నారని తెలుస్తుంది నాకు. మేనేజరుతో అరవకు.

ఆయన బాగుపడ్డారని రాయడం లేదు. నిన్న నన్ను మన అమ్మ పేరు పెట్టి పిలిచారు. స్టవ్ కూడా పదోతారీఖున మర్చిపోయారు. నేను సాయంత్రం వచ్చేసరికి పాలు గిన్నెలోనే ఉన్నాయి, గ్యాస్ ఆగి ఉంది, ఇల్లు ఇల్లులా ఉంది. డబ్బా విప్పితే చీటీ: "ఫిర్యాదు: స్టవ్ దానంతటదే ఆగింది. లోపం: లేదు. అలా ఆగడానికే కట్టారు." అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

మిగతా చీటీలన్నీ ఒకటే రాత. ఫిర్యాదు లేదు, లోపం లేదు. మొన్నటిదాంట్లో ఒక ముక్క ఎక్కువ ఉంది: "కట్టినవాడి చెయ్యి కుదిరింది." చించి పంపమంటావేమో, ముట్టుకోనివ్వరు. సెట్టులో చీటీ సెట్టులోనే ఉండాలట.

దానితోనే వచ్చింది చిక్కు. ఇరవై ఏడు చీటీలు అయ్యాయి, ఒకదాని మీద ఒకటి అంటిస్తున్నారు. ఇవాళ పొద్దున మూత సరిగా పడలేదు. నేను నొక్కితే ఒక మూల లేస్తోంది. నువ్వు చూశావా కట్టేటప్పుడు? రోజూ చీటీ రాయమని నువ్వే చెప్పి, అవి ఎక్కడ పడతాయో ఆలోచించవా? ఇంట్లో ఇరవై అయిదు డబ్బాలు మిగిలాయి కదా, ఉప్పుది పోగా. అన్నిట్లోకీ పెద్దది చూసి వెంటనే పంపు.

అక్క